యజమాని లేని చర్చా వేదికల్లో కాపలా ఎవరిది?

2023 జూన్ 30న 'అపోలో' అనే ఐఫోన్ యాప్ మూతపడింది. రెడిట్‌లో సాగే చర్చలను చదవడానికి ఒక స్వతంత్ర డెవలపర్ తయారుచేసిన యాప్ అది. తన వేదికలోని సమాచారాన్ని బయటి యాప్‌లు వాడుకోవాలంటే రుసుము చెల్లించాలని రెడిట్ ఆ ఏడాది నిర్ణయించింది. ఆ లెక్కన ఏటా సుమారు 2 కోట్ల డాలర్లు కట్టవలసి వస్తుందని, అది తనకు సాధ్యం కాదని అపోలో రూపకర్త ప్రకటించారు. నిరసనగా జూన్ 12 నుంచి వేలాది చర్చా బృందాలు తలుపులు మూసుకున్నాయి. రెడిట్ మాత్రం వెనక్కి తగ్గలేదు.

ఆ బృందాలను ఏళ్ల తరబడి జీతం లేకుండా నడిపినవారికి అప్పుడొక సంగతి తెలిసివచ్చింది. శ్రమ తమది, స్థలం మాత్రం మరొకరిది. వేరే చోటు వెతుక్కుంటూ బయలుదేరిన వారిలో కొందరు 'లెమ్మీ'కి చేరారు.

లెమ్మీ ఒక కంపెనీ కాదు, ఒకే వెబ్‌సైట్ కూడా కాదు. ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని తమ సర్వర్‌లో నడుపుకోగల సాఫ్ట్‌వేర్ అది. దానితో నడిచే సర్వర్లు ప్రపంచవ్యాప్తంగా వందలాదిగా ఉన్నాయి. ఒక్కో సర్వర్‌ను ఒక్కో ఊరి రచ్చబండ అనుకోవచ్చు. ఊరికో కట్టుబాటు, ఊరికో పెద్ద. అయినా ఒక ఊళ్లో కూర్చున్నవారు పొరుగూరి చర్చలోనూ పాల్గొనవచ్చు. ఈ ఊళ్ల మధ్య బాట వేసినది 'యాక్టివిటీపబ్' అనే ఉమ్మడి ప్రమాణం. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ దానిని 2018 జనవరిలో ఆమోదించింది. మాస్టడాన్ కూడా ఈ ప్రమాణం మీదే నడుస్తోంది.

భారతీయులకు ఈ లోకం పూర్తిగా కొత్తది కాదు. 2019 నవంబరులో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విటర్ నిలిపివేసినప్పుడు, దానిని నిరసిస్తూ ఎంతోమంది మాస్టడాన్‌లో ఖాతాలు తెరిచారు. యజమాని ఒక్కడే అయితే గొంతు నొక్కడం సులభమన్నది నాటి వాదన. అది నిజమే. అయితే యజమాని లేనిచోట దుర్భాషను, మోసాన్ని, అసభ్య చిత్రాలను తొలగించేదెవరు అన్న ప్రశ్న నాటి ఉత్సాహంలో అంతగా వినిపించలేదు.

మూడు అంచెల కాపలా

లెమ్మీలో ప్రతి చర్చా బృందానికీ మోడరేటర్లు ఉంటారు. నియమాలకు విరుద్ధమైన పోస్టును తొలగించడం, చర్చకు తాళం వేయడం, ఒక వ్యక్తిని బృందం నుంచి బహిష్కరించడం వారి పని. వారి పైన సర్వర్ నిర్వాహకులు ఉంటారు. ఖాతానే రద్దు చేసే అధికారం వీరిది. ఎవరు దేనిని తొలగించారో ఒక బహిరంగ చిట్టాలో నమోదవుతుంది. ఖాతా లేనివారు కూడా దానిని చదవవచ్చు. చాటుమాటుగా కత్తెర వేసే పెద్ద వేదికలు నేర్చుకోదగిన పద్ధతి ఇది.

మూడో అంచె అన్నిటికంటే కఠినమైనది. ఒక సర్వర్ మరో సర్వర్‌తో రాకపోకలను పూర్తిగా తెంచుకోవచ్చు. 2023 జూన్‌లో 'బీహా' అనే సర్వర్ అదే చేసింది. ఎవరికైనా అడ్డులేకుండా ఖాతాలిచ్చే రెండు పెద్ద సర్వర్ల నుంచి కొత్తవారు వెల్లువెత్తారు. ఉన్న కొద్దిమంది వలంటీర్లతో, అరకొర సాధనాలతో అంతమందిని అదుపు చేయడం తమ వల్ల కాదని చెప్పి బీహా నిర్వాహకులు బాట మూసేశారు. వాటిలో ఒకటైన 'లెమ్మీ వరల్డ్' ఈ లోకంలో అతిపెద్ద సర్వర్లలో ఒకటి. ఏ తప్పూ చేయని సభ్యులకు కూడా తాము పాల్గొంటున్న చర్చలు ఒక్క రోజులో దూరమయ్యాయి. ఇది అన్యాయమని కొందరు, ఆత్మరక్షణ అని కొందరు అన్నారు. బీహా నిర్వాహకుల చేతిలో అంతకంటే చిన్న ఆయుధం లేదన్నది మాత్రం వాస్తవం.

అసలు పరీక్ష అదే ఏడాది ఆగస్టులో ఎదురైంది. లెమ్మీ వరల్డ్‌లోని ఒక బృందంలో దుండగులు పిల్లలపై లైంగిక అకృత్యాల చిత్రాలను పదేపదే పెట్టారు. చేసేది లేక ఆ బృందాన్ని మూసివేయవలసి వచ్చింది. ఇక్కడే ఈ వ్యవస్థలోని చిక్కు బయటపడుతుంది. ఒక చోట పెట్టిన చిత్రం నకలు ఇతర సర్వర్లకూ చేరగలదు. అంటే తనకు సంబంధం లేని నేరానికి సంబంధించిన ఫైలు, ఇంట్లో చిన్న సర్వర్ నడుపుకుంటున్న వలంటీరు డిస్కులోనూ ఉండవచ్చు. అంతకు ముందు నెలలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మాస్టడాన్ సర్వర్ల నుంచి రెండు రోజుల్లో సుమారు 3,25,000 పోస్టులను పరిశీలించగా, ఇటువంటివిగా ముందే నమోదైన చిత్రాలు 112 సార్లు కనిపించాయి. వాటిని పసిగట్టే స్వయంచాలక వ్యవస్థలు పెద్ద కంపెనీల వద్ద ఉన్నాయి. వలంటీర్లలో చాలామందికి అవి అందుబాటులో లేవు.

యాప్ వేరు, సర్వర్ వేరు

కొత్తవారు తరచు తడబడేది ఇక్కడే. జెర్బోవా, వాయేజర్, థండర్ వంటి యాప్‌లు కేవలం కిటికీలు. ఖాతా ఉండేది సర్వర్‌లో. యాప్ మార్చినా ఖాతా మారదు. యాప్ మీద ఎంత కోపమొచ్చినా తొలగింపులతో దానికి సంబంధం లేదు. యాప్‌లో పెట్టుకున్న పదాల వడపోత ఆ యాప్‌కే పరిమితం కావచ్చు. ఒక వ్యక్తినో బృందాన్నో ఖాతా నుంచి బ్లాక్ చేస్తే మాత్రం ఏ యాప్‌లో చూసినా అది వర్తిస్తుంది. 2023 డిసెంబరులో వచ్చిన 0.19 వెర్షన్ నుంచి ఒక సర్వర్ మొత్తాన్నీ ఇలా బ్లాక్ చేసే వీలు కలిగింది.

గోప్యత విషయంలో భ్రమలు వద్దు. లెమ్మీలో వ్యక్తిగత సందేశాలకు ఎన్‌క్రిప్షన్ రక్షణ లేదు. సర్వర్ నిర్వాహకులు తలచుకుంటే చదవగలరు. ఏ పోస్టుకు ఎవరు ఓటు వేశారో కూడా వారికి తెలుస్తుంది. మీరు ఒక వ్యాఖ్యను తొలగిస్తే ఆ సమాచారం ఇతర సర్వర్లకు వెళ్తుంది గాని, అవి దానిని పాటిస్తాయన్న హామీ లేదు.

భాష సంగతి మరొకటి. తెలుగులో, అందునా ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తిట్టు, విదేశీ నిర్వాహకుడికి అర్థంలేని అక్షరాల వరుస. ఫిర్యాదు చేసేటప్పుడు ఆ మాటకు అర్థమేమిటో, అది ఎవరిని ఉద్దేశించిందో ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు రాస్తేనే ఫలితం ఉంటుంది. భారత ఐటీ నిబంధనలు 2021 ప్రకారం ఇటువంటి వేదికలకు ఫిర్యాదుల అధికారి ఉండాలి. దేశంలో 50 లక్షలకు మించి వాడకందారులున్న సామాజిక మాధ్యమాలకు అదనపు బాధ్యతలు ఉన్నాయి. యూరప్‌లో ఎక్కడో ఉన్న ఒక వలంటీరు సర్వర్ విషయంలో ఆచరణలో ఇది ఎంతవరకు అక్కరకొస్తుందో ఊహించుకోవచ్చు. బెదిరింపు, ఆర్థిక మోసం వంటి నేరాలైతే సర్వర్ నిర్వాహకుడి కోసం ఎదురుచూడకుండా 1930 నంబరుకు గాని, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌కు గాని ఫిర్యాదు చేయాలి. దానికి ముందు స్క్రీన్‌షాట్‌ను, పోస్టు చిరునామాను భద్రపరచుకోవాలి.

సర్వరే మాయమైతే?

2024 ఫిబ్రవరిలో ఒక మాస్టడాన్ సర్వర్ హఠాత్తుగా ఆగిపోయింది. దాని చిరునామా చివర అఫ్గానిస్తాన్ డొమైన్ ఉంది. తాలిబాన్ ప్రభుత్వ సమాచార శాఖ దానిని రద్దు చేసింది. సర్వర్ యంత్రం ఎక్కడున్నా పేరు మరో దేశం చేతిలో ఉంటే ఇదే జరుగుతుంది. 2025 జూన్‌లో 'లెమ్ డాట్ ఈఈ' అనే పెద్ద లెమ్మీ సర్వర్ కథ వేరు. దానిని ఎవరూ మూయించలేదు. నడిపేవారు అలసిపోయారు, వారి స్థానంలోకి రాగలవారు తగినంతమంది దొరకలేదు. మూసివేత గురించి సభ్యులకు కొన్ని వారాల ముందే చెప్పారు.

అలాంటి సందర్భంలో చేరిన బృందాల జాబితాను, బ్లాక్ చేసినవారి జాబితాను సెట్టింగుల్లోని ఎగుమతి సదుపాయంతో ఒక ఫైలుగా దించుకుని, కొత్త సర్వర్‌లోని ఖాతాలో చేర్చుకోవచ్చు. పాత పోస్టులు మాత్రం వెంట రావు. అందువల్ల ఖాతా తెరిచే ముందు సర్వర్ పరిచయ పేజీలో మూడు విషయాలు చూసుకోవాలి: నడిపేవారు ఒక్కరా, పలువురా; ఖర్చులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది; ఏ సర్వర్లతో రాకపోకలు తెంచుకుంది. ఈ వివరాలేవీ చెప్పని సర్వర్‌ను వదిలి మరొకటి చూసుకోవచ్చు. ఖాతా ఎక్కడున్నా, బాట తెరిచి ఉన్నంతవరకు చదవగలిగే చర్చలు అవే.