సమాచార భద్రతలో మనుషుల అలవాట్లే కీలకం

నగరి: తమిళనాడు సరిహద్దును ఆనుకొని, మరమగ్గాలకు పేరొందిన నగరి పట్టణంలో నేడు కూలి డబ్బుకు, నూలు బాకీకి ఫోను, పింఛనుకు, రేషనుకు వేలిముద్ర అవసరమవుతున్నాయి. అక్షరాలు రాని వృద్ధులు తమ ఫోనును పక్కింటి యువకుని చేతికిచ్చి "ఏమొచ్చిందో చూడు నాయనా" అనడం, ఏ.టి.ఎం. కార్డు కవరుపైనే పిన్ రాసుకోవడం సహజం. దీనిని అజ్ఞానమని కొట్టివేయడం సరికాదు. ఇరుగుపొరుగుపై గల నమ్మకమే దీనికి మూలం. మోసగాళ్లు ఆధారపడుతున్నదీ ఆ నమ్మకంపైనే.

బ్యాంకు కంప్యూటరును ఛేదించడం కష్టం, ఖాతాదారుని అడిగి తెలుసుకోవడం సులభం. తెలుగు, తమిళం రెండూ వాడుకలో ఉన్న ఈ ప్రాంతంలో మన భాషలో, అధికారి ధోరణిలో మాట్లాడితే "సరే సార్" అని ఓ.టి.పి. చెప్పేవారున్నారు. అడిగినవారికి లేదనడం అమర్యాదగా భావించడమే ఇందుకు కారణం. యు.పి.ఐ.లో డబ్బు చెల్లించడానికే పిన్ కావాలి, స్వీకరించడానికి అక్కరలేదు. "డిజిటల్ అరెస్టు" అనేది చట్టంలోనే లేదని 2024 అక్టోబరు 27న "మన్ కీ బాత్" కార్యక్రమంలో ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ స్పష్టం చేశారు.

తప్పు సామాన్యులదే అనుకోవడం కూడా పొరపాటు. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల విక్రేత, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని దస్తావేజుల నుండి వేలిముద్రలు సేకరించి, రబ్బరు ముద్రలు తయారుచేసి, వేలాది సిమ్‌లను చలామణిలోకి తెచ్చినట్లు పోలీసులు వెల్లడించారు. అమ్మకాల లక్ష్యం చేరుకోవడానికే అతడు ఇలా చేశాడట! దస్తావేజులో వేలిముద్ర వేసిన రైతు చేసిన తప్పేమీ లేదు. ఒకే పాస్‌వర్డును నలుగురు ఉద్యోగులు పంచుకోవడం, కంప్యూటరు తెరిచి ఉంచి టీకి వెళ్లడం కార్యాలయాలు మానుకోవలసిన అలవాట్లు. పాస్‌వర్డును మార్చుకోవచ్చు, వేలిముద్రను మార్చుకోలేము.

ఆధార్ వెబ్‌సైటులో బయోమెట్రిక్ లాక్ సౌకర్యం ఉంది. అయితే లాక్ చేసినవారు వేలిముద్ర వేయవలసి వచ్చినప్పుడు దానిని తాత్కాలికంగా తెరవవలసి ఉంటుంది. జిరాక్సు దుకాణాలలో, లాడ్జీలలో ఇచ్చేందుకు చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ ప్రతిని పొందవచ్చు.

మోసపోయిన తరువాత ఇంట్లో తిడతారని, వీధిలో నవ్వుతారని దాచిపెట్టడం మరింత నష్టదాయకం. ఖాతాదారుడు స్వయంగా రహస్య వివరాలు చెప్పిన సందర్భంలో, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం అతనిదేనని, తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి సర్క్యులరులో పేర్కొంది. కనుక ప్రతి నిమిషమూ విలువైనదే. మోసం జరిగిన వెంటనే 1930 నెంబరుకు ఫోను చేసి, బ్యాంకుకు కూడా తెలియజేయాలి. డబ్బు ఇంకా మరో ఖాతాకు మళ్లకముందే సమాచారం అందితే దానిని నిలుపుదల చేసే అవకాశముంటుంది. ఫిర్యాదు చేసేటప్పుడు లావాదేవీ సంఖ్య, తేదీ, సమయం, మొత్తం, వచ్చిన ఫోను నెంబరు సిద్ధంగా ఉంచుకోవాలి. సందేశాలను చెరిపివేయరాదు.