చెరకు రైతు మిల్లును బహిష్కరించగలడా?

బకాయిలు చెల్లించని చక్కెర మిల్లుకు చెరకు తోలడం మానివేస్తే సరిపోదా అని రైతేతరులు అడుగుతూ ఉంటారు. న్యాయంగానే తోచే ఈ మాట ఆచరణలో ఎందుకు కష్టమో తెలియాలంటే, చెరకు ఎటువంటి సరుకో ముందు చూడాలి.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల రైతు గోగునార ధర నచ్చకుంటే కొన్నాళ్లు ఇంట నిలవ వేసుకోగలడు. ధాన్యమైనా అంతే. చెరకుకు ఆ వెసులుబాటు లేదు. నరికిన గడ వీలైతే ఒక రోజులోపలే గానుగాడాలి. ఆలస్యమైనకొద్దీ తూకం తగ్గుతుంది, రసంలో పంచదార పాలు పడిపోతుంది. దూరపు మిల్లుకు పంపుదామంటే లారీ కిరాయి మింగేస్తుంది. ఇది చాలక, 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు కింద ఒక్కొక్క మిల్లుకు ఇన్ని గ్రామాలని కేటాయించే అధికారం ప్రభుత్వానికి ఉన్నది. కేటాయింపు జరిగిన గ్రామంలోని రైతు వేరొక మిల్లుతో స్వేచ్ఛగా బేరమాడలేడు.

ఆ ఉత్తర్వే మిల్లుకూ ఒక షరతు పెట్టింది. చెరకు అందిన 14 రోజులలో సొమ్ము చెల్లించాలి. గడువు దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ కలపాలి. 2020-21 సీజనుకు కేంద్రం నిర్ణయించిన ధర 10 శాతం రికవరీపై క్వింటాలుకు రూ.285. ఆ లెక్కన 20 టన్నులకు రూ.57,000, ఏడాది ఆలస్యానికి వడ్డీ రూ.8,550. ఇదే మొత్తాన్ని రైతు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చి ఉంటే, ఏడాదికి కట్టవలసింది రూ.13,680. చట్టప్రకారం వడ్డీ ముట్టినా రైతు చేతి నుంచి రూ.5 వేలకు పైగా పోతుంది. అసలే ముట్టకపోతే చెప్పేదేమున్నది? తాకట్టు లేకుండా కంపెనీకి అప్పిచ్చినవాడు ఇక్కడ బ్యాంకు కాదు, రైతు.

సీతానగరం మండలం లచ్చయ్యపేటలో జరిగింది ఇదే. ఒకప్పుడు ప్రభుత్వ రంగ నిజాం షుగర్స్ చేతిలో ఉండి తరువాత ప్రైవేటు పరమైన ఎన్.సి.ఎస్. షుగర్స్ మిల్లు రెండు సీజన్లకు గాను సుమారు రూ.16 కోట్లు బకాయి పడింది. 2021 నవంబరులో రైతులు రోడ్డెక్కారు. పోలీసులతో ఘర్షణ జరిగి రాళ్లు రువ్వుకునేదాకా వెళ్లింది. మిల్లులోని పంచదార అమ్మించి బకాయి తీర్పిస్తామని ప్రభుత్వం ముందుకు వచ్చింది. చెరకు బకాయిని భూమి శిస్తు బకాయి మాదిరి కలెక్టరు వసూలు చేయవచ్చునని ఉత్తర్వులోనే ఉన్నది. అయితే రైతులు రోడ్డు మీదికి వచ్చేవరకు ఈ నిబంధన కదలకపోవడం గమనార్హం.

కొనుగోలుదారుల బహిష్కరణ వేరు. పసిబిడ్డల పాలపొడి అమ్మకపు పద్ధతులకు నిరసనగా 1977లో అమెరికాలో నెస్లే సరుకుల బహిష్కరణ ఆరంభమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981 నియమావళిని పాటిస్తామని కంపెనీ ఒప్పుకున్నాక 1984లో దానిని నిలిపివేశారు. అక్కడి గృహిణికి అదే కొట్లో మరొక కంపెనీ డబ్బా దొరికింది. బొబ్బిలి రైతుకు మరొక మిల్లు ఏదీ? భీమసింగి, ఆమదాలవలస సహకార మిల్లులలో గానుగ ఆగిపోయింది. మిగిలినది రేగిడి ఆమదాలవలస మండలంలోని సంకిలి. లచ్చయ్యపేట పరిధిలోని చెరకును అక్కడికే తరలించవలసి వచ్చింది.

కాబట్టి చెరకు రైతు బహిష్కరణ కోతనాడు జరగదు, నాటునాడు జరుగుతుంది. మొక్కతోట నరికిన తరువాత కార్శి ఉంచక దున్నివేసి మొక్కజొన్నో మరొకటో వేస్తాడు. ఇందుకు ఊరేగింపులు, తీర్మానాలు అక్కరలేదు. రెండు మూడు సీజన్లు ఇలా సాగితే గానుగకు చాలినంత చెరకు దొరకదు. అప్పుడు మిల్లుకు రాబడి పోతుంది, పాత బకాయి తీర్చే దారీ పోతుంది. చెరకును వదలని పొరుగు రైతుకు సమీపంలో మిల్లే ఉండదు. ఇంత కఠినమైన ఆయుధం గనుకనే రైతు దానిని చివరివరకు ఎత్తడు. యాజమాన్యాలకు ఆ సంగతి తెలియనిది కాదు.

2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన ధర 10.25 శాతం రికవరీపై క్వింటాలుకు రూ.355. తోలిన ప్రతి బండికీ తూకం చీటీ తీసుకుని, తేదీతో సహా భద్రపరచుకున్న రైతే రేపు 15 శాతం వడ్డీకి దావా చేయగలడు.