క్రొత్త పిస్తోలు – కూర్పులు, చేర్పులు

2024 జూలైలో పారిస్ ఒలింపిక్సు జరుగుచుండగా ఒక ఛాయాచిత్రము లోకమంతయు తిరిగినది. తుర్కీ దేశీయుడు యూసుఫ్ దికెచ్, 51 ఏండ్లవాడు, ఎడమచేతిని జేబులో ఉంచుకొని, సామాన్యమైన కండ్లజోడుతో నిలిచి, కుడిచేత పిస్తోలు ఎత్తి గురి చూచుచున్నాడు. అదే క్రీడలో పలువురి కన్నులపై ప్రత్యేక కటకములు, తెరలు కనబడుచుండగా ఆయన ముఖము మాత్రము బోసిగా ఉన్నది. షెవ్వాల్ ఇలైదా తర్హాన్‌తో కలిసి ఆయన 10 మీటర్ల గాలి పిస్తోలు మిశ్రమ జట్టు పోటీలో రజతపతకము గెలుచుకొనెను. “పరికరములతో పనియేమి? చేయి కుదిరిన చాలును” అని ఆ చిత్రమును చూచిన పలువురు తీర్మానించిరి.

ఆ తీర్మానము సగమే నిజము. ఆయన చేతిలోనిది పోటీలకొరకే నిర్మింపబడిన గాలి పిస్తోలు. చెవులలో బిరడాలు కలవు. రెండు కన్నులు తెరచి గురి చూచుట ఆయన అలవాటు. కావున ఒక కంటిని మరుగుపరచు తెరతో ఆయనకు పని లేదు. అది ఆయనకు ఐదవ ఒలింపిక్సు. ఆయన విడిచిపెట్టినది తనకు అక్కరలేనిదానిని మాత్రమే. అక్కరలేనిదేదో తెలిసికొనుటకు ఎన్నో ఏండ్ల సాధన కావలసి వచ్చినది.

క్రొత్తగా పిస్తోలు చేపట్టిన విద్యార్థికి ఆ వివేకము మొదటనే ఉండదు. పెట్టె విప్పిన మరునాటినుండియే దీనికి ఏమి తగిలింతును, దేనిని మార్తును అను తహతహ పుట్టును. గురి తప్పిన ప్రతి గుండుకును ఏదో ఒక వస్తువు లోపమే కారణమని తోచును. కొడుకో కూతురో అడిగినది కాదనలేక తలిదండ్రులు అప్పు చేసియైనను కొని ఇత్తురు. అందుచేత ఏది ముందు, ఏది వెనుక, ఏది వలదు అను విచారణ ఉపాధ్యాయులకును విద్యార్థులకును అవసరమైనది.

ఆట ఏదో, నియమము అదే

మన దేశమున మందుతో పేలు చేతి తుపాకి ఉంచుకొనుటకు 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి లైసెన్సు ఉండవలెను. కావున విద్యార్థులు ఈ క్రీడను సాధారణముగా గాలి పిస్తోలుతోనే ఆరంభింతురు. పోటీలకు పనికివచ్చు పిస్తోళ్లలో పేరుపొందినవి ఐరోపాలో తయారగుచున్నవి. స్విట్జర్లాండు మొరీని, ఆస్ట్రియా స్టయర్, ఇటలీ పార్దీని, జర్మనీ వాల్తర్ మొదలైనవి ఈ క్రీడాకారులకు సుపరిచితమైన పేళ్లు.

ఏ చేర్పు కొనుటకైనను ముందు చదువవలసినది నియమావళి. అంతర్జాతీయ షూటింగు క్రీడా సమాఖ్య నియమముల ప్రకారము 10 మీటర్ల గాలి పిస్తోలు బరువు 1,500 గ్రాములకు మించరాదు. పొడవు 420, ఎత్తు 200, వెడల్పు 50 మిల్లీమీటర్లు గల పెట్టెలో అది పూర్తిగా ఇమిడిపోవలెను. 25 మీటర్ల పోటీలలో వాడు పిస్తోలు బరువు 1,400 గ్రాములకు లోబడి ఉండవలెను. దాని పెట్టె ఇంకను చిన్నది. ఈ పోటీలలో దూరదర్శినివంటి గురిసాధనములు గాని, వెలుగుచుక్కను చూపు అద్దములు గాని, లేసరు కిరణములు గాని పనికిరావు. ముందొక మొన, వెనుకనొక గాడి, అంతే.

ఆటలన్నియు ఒక్కటి కావు. 1976లో అమెరికాలోని కొలంబియా నగరమున రూపొందిన అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగు సమాఖ్య పోటీలలో ‘ఓపెన్’ అను విభాగము కలదు. అందు వెలుగుచుక్క అద్దమును, పేలినప్పుడు గొట్టము పైకి ఎగురకుండ ఆపు కొసబిగింపును అనుమతింతురు. అక్కడ భూషణమైనది ఒలింపిక్సు పోటీలో దూషణమగును. కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యము ప్రాణమని వాదించెను. అలంకారము ఎంత విలువైనదని గాక, ఎక్కడ తగునని అడుగవలెనను ఆ వివేకము ఆయుధమునకును వర్తించును.

మొదటి కూర్పు పిడి

క్రొత్త పిస్తోలులో మొదట సరిచూచుకొనవలసినది పిడి. పోటీ పిస్తోలు పిడిని తరచుగా వాల్‌నట్ కొయ్యతో, అరచేతి మిట్టపల్లములకు సరిపడునట్లు చెక్కుదురు. అరచేతి అంచు ఆనుటకు క్రిందివైపున ఒక అరుగు ఉండును. దానిని పైకి క్రిందికి జరుపవచ్చును. చెప్పులకు వలె పిడులకును కొలతలు కలవు. పెద్ద చేతికి తీసిన పిడి చిన్న చేతిలో ప్రతిసారి ఒక్కొక్క తీరుగా కూర్చుండును. చేయి ప్రతిసారి క్రొత్తది పట్టుకొన్నట్లే అగును.

పిడి కుదిరినదా లేదా అని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష ఒకటి కలదు. గుండు లేదని రూఢిచేసికొని, లక్ష్యమువైపు నిలిచి, కన్నులు మూసికొని, చేయి ఎత్తి, తరువాత కన్నులు తెరువవలెను. ముందటి మొన వెనుకటి గాడి నడుమ తనంతట తానే నిలిచినచో పిడి కుదిరినట్లు. ఎప్పుడును ఒకే ప్రక్కకు జరిగియున్నచో మణికట్టును వంచి దిద్దుకొనరాదు, పిడినే దిద్దవలెను. ఎక్కువైనచోట ఆకురాయితో కొద్దికొద్దిగా అరుగదీయుదురు. తక్కువైనచోట కొయ్యపూత పూసి నింపుదురు. ఇది ఒక్కపూటలో తెమలు పని కాదు. గురువు ప్రక్కన ఉండగా కొన్ని వారములపాటు చూచి చేయవలసినది. పిడి చేతిని చుట్టివేయరాదనియు, మణికట్టునకు ఊతము ఇయ్యరాదనియు నియమము కలదు. మణికట్టు బలము సాధకుడు తాను సంపాదించుకొనవలసినదే.

25 మీటర్ల మహిళల పోటీలో వేగముగా కాల్చు భాగమును గమనించినచో పిడి విలువ స్పష్టమగును. లక్ష్యము 3 సెకండ్లు మాత్రమే కనబడి, 7 సెకండ్లు మరుగుపడును. వాల్చియున్న చేయి ఆ 3 సెకండ్లలో పైకి లేచి, గురి కుదిరి, ఒక గుండు వెలువడవలెను. ఆ వ్యవధిలో పట్టు సవరించుకొనుటకు తావు లేదు.

హంగేరీ సైనికుడు కారోలీ తకాచ్ చరిత్ర ఇచ్చట స్మరింపదగినది. 1938లో చేతిబాంబు పేలి ఆయన కుడిచేయి పాడైపోయినది. పిస్తోలు పట్టిన చేయి అదే. ఆయన ఎడమచేత సాధన మొదలుపెట్టి 1948లో లండనులోను, 1952లో హెల్సింకీలోను వేగపు పిస్తోలు పోటీలో స్వర్ణపతకములు గెలిచెను. పిడిని మార్చినంత సులువుగా చేతిని మార్చుట సాధ్యము కాదు. ఆ మార్పునకు బజారులో దొరకు వస్తువేదియు లేదు.

గురి – లెక్క

పిడి తరువాత గురి. ముందటి మొనకు, వెనుకటి గాడికి నడుమ దూరము సుమారు 33 సెంటీమీటర్లు అనుకొందము. మొన గాడి నడుమనుండి ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో, 10 మీటర్ల దూరమున గుండు సుమారు 30 మిల్లీమీటర్లు ప్రక్కకు పోవును. పదిమార్కుల వలయపు వ్యాసము 11.5 మిల్లీమీటర్లే, కావున ఆ గుండు ఏడవ వలయమున పడును. కాని మొనయు గాడియు ఒక్క వరుసలో ఉండి, చేయి మొత్తము ఒక మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో గుండు సైతము ఒక్క మిల్లీమీటరే జరుగును. సదృశ త్రిభుజముల పాఠము చదివిన విద్యార్థి దీనిని నల్లబల్లపై తానే నిరూపింపవచ్చును.

ఈ లెక్కవలన రెండు సంగతులు తేలుచున్నవి. చేయి కొద్దిగా ఊగుటను గూర్చి బెంగ వలదు. మొన, గాడి వరుస తప్పుటను గూర్చియే జాగ్రత్త కావలెను. దృష్టి ముందటి మొనపై నిలువవలెను. లక్ష్యము మసకగా కనబడినను బాధ లేదు. కావున మొన వెడల్పును, గాడి వెడల్పును కంటికి తగినట్లు అమర్చుకొని, మొనకు ఇరుప్రక్కల సమానమైన వెలుగు కనబడునట్లు చేసికొనుట మంచి కూర్పు. కంటిచూపులో దోషమున్నచో మొన స్పష్టముగా కనబడునట్లు వైద్యుని సలహాతో కటకము పెట్టించుకొనుట మంచి చేర్పు. కనుపాపవలె ముడుచుకొను చిన్న తెర కొందరికి ఉపకరించును, కొందరికి అక్కరలేదు. ప్రతి గుండు తరువాత గురిమరను త్రిప్పుట మాత్రము చెడ్డ అలవాటు. అయిదారు గుండ్లు ఒకేచోట గుమిగూడిన తరువాతనే మర ముట్టవలెను. చెదరిన గుండ్లను మర దగ్గరకు చేర్పలేదు.

ట్రిగ్గరును గూర్చిన భ్రమ మరియొకటి. అది ఎంత తేలికయైన అంత మేలని క్రొత్తవారు తలంతురు. గాలి పిస్తోలు ట్రిగ్గరు 500 గ్రాములకు తక్కువ బరువుతో పేలరాదని, 25 మీటర్ల పిస్తోలుకు 1,000 గ్రాములకు తక్కువ ఉండరాదని నియమము. ఆ బరువును ట్రిగ్గరుకు వ్రేలాడదీసి, పిస్తోలు ఎత్తి పరీక్షింతురు. మార్చుకొనదగినది బరువు కంటె స్థానము. చూపుడువ్రేలి మొదటి కణుపు మెత్తనిభాగము ట్రిగ్గరుపై ఆని, తిన్నగా వెనుకకు నొక్కగలుగునట్లు దానిని ముందునకో వెనుకకో జరుపుకొనవలెను.

కొనుటలో మొదటివి

జాబితాలో చివర వ్రాసినను కొనుటలో ముందుండవలసినవి కొన్ని కలవు. కన్నులకు రక్షణ, చెవులకు బిరడాలు, తాళము పడు పెట్టె, గొట్టములో గుండు లేదని చూపు నారింజరంగు భద్రతాసూచిక. వీనివలన ఒక్క మార్కైనను పెరుగదు. కాని ఇవి లేనివాడు పిస్తోలు పట్టుటకే అర్హుడు కాడు. గాలి పిస్తోలు సిలిండరుపై ముద్రించిన తేదిని చూచుట మరువరాదు. దాని వాడుకకు తయారీదారులు సాధారణముగా పదేండ్ల గడువు విధింతురు. పాదరక్ష చీలమండను కప్పరాదనునది సైతము నియమమే. కావున ఖరీదైన ఎత్తు బూట్లు కొనుట వృథా.

అన్నియు అమర్చుకొన్నను యంత్రము యంత్రమే. 2021లో టోక్యో ఒలింపిక్సులో మను భాకర్ 10 మీటర్ల అర్హతపోటీలో ఉండగా ఆమె పిస్తోలు చెడిపోయినది. దానిని బాగుచేసికొని వచ్చులోపల విలువైన కాలము గడచిపోయినది. 575 మార్కులతో ఆమె 12వ స్థానమున నిలిచెను. రెండు మార్కుల తేడాతో తుదిపోటీ చేజారినది. మూడేండ్ల తరువాత పారిస్‌లో ఆమె 10 మీటర్ల పోటీలో కాంస్యపతకము, సరబ్‌జోత్ సింగుతో కలిసి మిశ్రమ జట్టు పోటీలో మరియొక కాంస్యము గెలిచెను. స్వాతంత్ర్యానంతరము ఒకే ఒలింపిక్సులో రెండు పతకములు గెలిచిన తొలి భారతీయురాలు ఆమెయే. క్రొత్త పిస్తోలు కొనువారు అలంకారములపై వెచ్చించు సొమ్ములో కొంత విడిభాగములకు, పోటీకి ముందు చేయించు పరీక్షకు కేటాయించుకొనుట మేలని ఆ టోక్యోనాటి అనుభవము తెలుపుచున్నది.

హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2018లో 13 ఏండ్ల వయస్సుననే 10 మీటర్ల గాలి పిస్తోలులో జాతీయ విజేత అయ్యెను. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఒక స్వర్ణము, మూడు రజతములు గెలిచెను. ఆమెను చూచి మన బడిపిల్లలలో ఎందరో ఈ క్రీడను కోరుచుండవచ్చును. వారిలో పిస్తోలు కొనగలవారు కొందరే. కొనగలిగినవారికిని చేర్పులన్నిటిని కొనుట సాధ్యము కాదు, అక్కరయు లేదు. గుండు లేకుండ పిస్తోలు ఎత్తి, మొనను గాడిలో నిలిపి, ట్రిగ్గరు నొక్కి, చేయి కదలినదా లేదా అని గమనించు ఖాళీసాధనకు రూపాయి ఖర్చు లేదు. ఒలింపిక్సు విజేతలు సైతము దానిని మానరు.

కావున శిష్యుడు క్రొత్త చేర్పు కావలెనని అడిగినప్పుడు ఉపాధ్యాయుడు అతనిని మూడు ప్రశ్నలు అడుగవలెను. నియమము దీనిని అనుమతించునా? ఇది ఏ దోషమును దిద్దును? ఆ దోషము పిస్తోలుదా, చేతిదా? మూడవ ప్రశ్నకు నిజాయితీగా సమాధానము చెప్పగలిగిన విద్యార్థి అంగడికి పోవలసిన అవసరము చాలవరకు తగ్గిపోవును. కొనవలసినది నిజముగా ఉన్నప్పుడు అతడు అడిగిన వస్తువును తలిదండ్రులు సందేహము లేకుండ కొని ఇయ్యవచ్చును.