ఇల్లొకచోట, పనొకచోట: జాన్ కేన్ వేసిన లెక్క

జాన్ ఎఫ్. కేన్ అమెరికన్ ఆర్థికవేత్త. నగరంలో ఎవరు ఎక్కడ కాపురం ఉంటున్నారు, ఎవరికి ఎక్కడ పని దొరుకుతోంది, ఆ రెంటి మధ్య దూరానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు అన్న ప్రశ్నలే ఆయన నలభై ఏళ్ల పరిశోధనకు మూలం. 1968 మే నెలలో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అచ్చయిన ఆయన వ్యాసం ఒక కొత్త వాదాన్ని ముందుకు తెచ్చింది. నల్లజాతివారిని నగరంలోని కొన్ని పేటలకే పరిమితం చేయడం వల్ల వాళ్లకు దక్కేది ఇరుకు ఇల్లు మాత్రమే కాదు, వాళ్ల ఉద్యోగాలు కూడా పోతున్నాయి అన్నది ఆ వాదం. తర్వాతి కాలంలో దీనికి ‘స్పేషియల్ మిస్‌మ్యాచ్’ అన్న పేరు స్థిరపడింది. ఇల్లొకచోట, పనొకచోట అని తెలుగులో చెప్పుకోవచ్చు.

కేన్ 1935లో ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో పుట్టారు. ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేసి, బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి 1961లో డాక్టరేట్ అందుకున్నారు. మొదట ఆయన పనిచేసింది రవాణా మీద. రాండ్ పరిశోధన సంస్థ చేపట్టిన నగర రవాణా అధ్యయనంలో పాలుపంచుకుని, జాన్ మేయర్, మార్టిన్ వోల్‌లతో కలిసి 1965లో ‘ది అర్బన్ ట్రాన్స్‌పోర్టేషన్ ప్రాబ్లమ్’ అనే పుస్తకం రాశారు. అప్పటికే, 1964లో, హార్వర్డ్‌లో అధ్యాపకుడిగా చేరారు.

రవాణా నుంచి జాతి వివక్ష వైపు ఆయన ఎలా వచ్చారన్నది ఆసక్తికరమైన సంగతి. రెండో ప్రపంచ యుద్ధానంతరం అమెరికా నగరాల్లో రోడ్లు వేయడానికి ముందు ఇంటింటి సర్వేలు జరిగేవి. ఈ ఇంట్లోంచి నిన్న ఎవరెవరు బయటికి వెళ్లారు, ఎక్కడికి వెళ్లారు, కారులోనా బస్సులోనా అని ఇంజినీర్ల మనుషులు తలుపు తట్టి అడిగి రాసుకునేవారు. ఏ రోడ్డు ఎంత వెడల్పు ఉండాలో తేల్చడానికి సేకరించిన వివరాలవి. వాటిలో మనిషి జాతి, నివాసం, పనిచేసే చోటు పక్కపక్కనే నమోదై ఉన్నాయి. డెట్రాయిట్‌లో 1952లోనూ, షికాగోలో 1956లోనూ సేకరించిన ఆ కాగితాలనే కేన్ తన ప్రశ్నకు ఆధారంగా చేసుకున్నారు. రోడ్డు కోసం అడిగిన వివరాల్లోంచి అన్యాయాన్ని లెక్కగట్టడం ఆయన చేసిన పనిలోకెల్లా పెద్దది.

ఆ లెక్క అర్థం కావాలంటే ఆనాటి నగరం ఎలా తయారైందో తెలియాలి. 1910 నుంచి 1970 దాకా సుమారు 60 లక్షలమంది నల్లజాతివారు దక్షిణాది పల్లెలు వదిలి ఉత్తరాది, పడమటి నగరాలకు వలస వచ్చారు. ఆ నగరాల్లో ఫ్యాక్టరీ పని దొరికింది గానీ ఇష్టమైనచోట ఇల్లు దొరకలేదు. ఈ స్థలం నల్లజాతివారికి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అన్న షరతును దస్తావేజుల్లోనే రాసేవారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని సుప్రీంకోర్టు 1948లో తీర్పు ఇచ్చేదాకా చట్టం కూడా వాటి పక్షానే నిలిచింది. 1930లలో ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల పటాలు గీయించి, నల్లజాతి పేటలకు ఎర్రరంగు పూయించింది. అక్కడ అప్పు ఇవ్వడం ప్రమాదం అని దాని అర్థం. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ గృహరుణాలకు పూచీ ఇచ్చేటప్పుడు ఇదే పద్ధతి పాటించింది.

డెట్రాయిట్‌లో ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర ఒక గోడ ఉంది. ఆరడుగుల ఎత్తు, దాదాపు అర మైలు పొడవు. 1941లో ఒక బిల్డరు అక్కడ తెల్లవారి కోసం ఇళ్లు కట్టబోతే, పక్కనే నల్లజాతి పేట ఉంది కాబట్టి పూచీ ఇవ్వడానికి ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఒప్పుకోలేదు. రెండింటి మధ్యా గోడ కట్టాకే అనుమతి వచ్చింది. గోడ మీద ముళ్లతీగ గానీ కాపలా గానీ లేదు. పిల్లలెవరైనా ఎక్కి దూకగలిగేంత ఎత్తే. అయినా అప్పట్లో గోడకు ఆ పక్కనున్న స్థలానికి అప్పు పుట్టేది, ఈ పక్కనున్న స్థలానికి పుట్టేది కాదు. ఊరు వేరు, వాడ వేరు అన్న మాట తెలిసిన తెలుగువారికి ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికా జాతి వివక్షా మన కుల వివక్షా ఒకటి కావు గానీ, మనుషుల్ని నేల మీద గీత గీసి విడదీయడం రెండుచోట్లా జరిగింది.

ఒకవైపు ఇలా కట్టడి జరుగుతుంటే మరోవైపు ఉద్యోగాలు తరలిపోసాగాయి. పాతకాలపు ఫ్యాక్టరీలు రైలు పట్టాల పక్కన, నగరం నడిబొడ్డున, నాలుగైదు అంతస్తుల్లో ఉండేవి. సరుకు లారీల్లో రావడం మొదలయ్యాక, ఒకే అంతస్తులో పొడుగ్గా సాగే అసెంబ్లీ లైన్లు వచ్చాక వాటికి విశాలమైన చవక భూమి కావాల్సి వచ్చింది. 1956లో మొదలైన అంతర్రాష్ట్ర రహదారుల నిర్మాణం ఆ భూమిని నగరానికి దగ్గర చేసింది. ఫ్యాక్టరీలు శివార్లకు పోయాయి. వాటి వెంట తెల్లజాతి కార్మికులూ వెళ్లి కొత్త కాలనీల్లో ఇళ్లు కొనుక్కున్నారు. నల్లజాతి కార్మికుడికి ఆ కాలనీలో ఇల్లు అమ్మేవాడు లేడు. కారు లేకపోతే అక్కడికి సరైన బస్సూ లేదు. ఫలానాచోట కొత్త ఫ్యాక్టరీ తెరిచారన్న కబురు కూడా అతని చెవిన పడదు. పని సంగతులు సాధారణంగా ఇరుగుపొరుగు ద్వారా, చుట్టాల ద్వారా తెలుస్తాయి కదా.

కేన్ లెక్క చూడటానికి తేలికైనదే. నగరాన్ని చిన్న చిన్న ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కో ప్రాంతంలో పనిచేసేవారిలో నల్లజాతివారి వాటా ఎంతో చూశారు. ఆ వాటాకూ అక్కడ నివసించే నల్లజాతివారి వాటాకూ, అక్కడి నుంచి నల్లజాతి పేటల దాకా ఉన్న దూరానికీ సంబంధం వెతికారు. దూరం పెరిగినకొద్దీ నల్లజాతి ఉద్యోగుల వాటా తగ్గుతోందని తేలింది. నల్లజాతివారు నగరమంతటా సమంగా విస్తరించి ఉంటే ఎంతమందికి పని ఉండేది అన్నది ఆయన వేసుకున్న తర్వాతి ప్రశ్న. ఈ నివాస వేర్పాటు వల్ల షికాగోలో 25 వేల దాకా, డెట్రాయిట్‌లో 9 వేల దాకా ఉద్యోగాలు నల్లజాతివారి చేజారి ఉండవచ్చన్నది ఆయన అంచనా. ఉద్యోగాలు శివార్లకు తరలేకొద్దీ ఈ నష్టం పెరుగుతుందని కూడా హెచ్చరించారు.

ఆ హెచ్చరిక వచ్చేసరికి దేశం అట్టుడుకుతోంది. 1965 ఆగస్టులో లాస్ ఏంజెలిస్‌లోని వాట్స్ పేటలో జరిగిన అల్లర్లలో 34 మంది, 1967 జులైలో డెట్రాయిట్‌లో 43 మంది చనిపోయారు. వాట్స్ మీద విచారణ జరిపిన మెకోన్ కమిషన్, ఆ పేట నుంచి పనిచేసే చోట్లకు బస్సు సౌకర్యం సరిగా లేదని ఎత్తిచూపింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, ఇళ్ల అమ్మకంలోనూ అద్దెలోనూ జాతి వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. మరుసటి నెలలోనే కేన్ వ్యాసం వెలువడింది.

పరిష్కారం ఏమిటన్న దగ్గర ఆయన చాలామంది ఉదారవాదులతో విభేదించారు. నల్లజాతి పేటల్లోనే ఫ్యాక్టరీలు పెట్టించి, వ్యాపారాలకు రాయితీలిచ్చి అక్కడే ఉపాధి చూపించాలన్న ఆలోచన అప్పట్లో బలంగా ఉండేది. న్యూయార్క్‌లోని బెడ్‌ఫర్డ్–స్టైవెసెంట్‌లో రాబర్ట్ కెన్నెడీ అలాంటి ప్రయత్నానికే పూనుకున్నారు. జోసెఫ్ పెర్స్కీతో కలిసి 1969లో రాసిన వ్యాసంలో కేన్ దీన్ని సూటిగా వ్యతిరేకించారు. వాడకు బంగారు పూత పూసినా అది వాడగానే మిగులుతుంది, పైగా వేర్పాటు మరింత గట్టిపడుతుంది అన్నది వారి వాదన. శివార్లలో ఇళ్లు అందరికీ అందుబాటులోకి రావాలి, వలసకు మూలమైన దక్షిణాది బాగుపడాలి అన్నారు. తమ పేటలో తమ సంఘాలు, తమ వ్యాపారాలు, తమ రాజకీయ బలం పెంచుకుంటున్న నల్లజాతి నాయకులకు ఇది రుచించలేదు. వారి అభ్యంతరంలో న్యాయం ఉంది. ఒక పేట అంటే ఉద్యోగాల దూరం మాత్రమే కాదు, అక్కడ మనుషుల మధ్య బంధాలూ ఉంటాయి. కేన్ నమూనాలో వాటికి చోటు లేదు.

ఇళ్ల మీద ఆయన చేసిన పనికి తగినంత గుర్తింపు రాలేదనే చెప్పాలి. జాన్ క్విగ్లీతో కలిసి సెయింట్ లూయీ నగరంలోని కుటుంబాల వివరాలు పరిశీలించి 1972లో ఒక వ్యాసం, 1975లో ‘హౌసింగ్ మార్కెట్స్ అండ్ రేషియల్ డిస్క్రిమినేషన్’ అనే పుస్తకం వెలువరించారు. ఆదాయం, కుటుంబ పరిమాణం, ఉద్యోగం అన్నీ సమానంగా ఉన్నా నల్లజాతి కుటుంబం సొంతింట్లో ఉండే అవకాశం తెల్లజాతి కుటుంబం కంటే దాదాపు 9 శాతం పాయింట్లు తక్కువని తేల్చారు. అద్దె కట్టేవాడికి నెలాఖరుకు మిగిలేది రసీదు ఒక్కటే. వాయిదా కట్టేవాడికి ఇరవై ముప్పై ఏళ్లకు ఇల్లు మిగులుతుంది, దాన్ని చూపించి పిల్లల చదువుకు అప్పు తెచ్చుకోగలడు. రెండు జాతుల మధ్య ఆస్తిలో ఉన్న అగాధం ఆదాయంలో ఉన్న తేడా కంటే ఎంతో లోతుగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

కేన్ వాదాన్ని అందరూ ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో సమీకరణ రూపాన్ని కాస్త మారిస్తే ఫలితమే తారుమారవుతుందని 1971లో పాల్ ఆఫ్నర్, డేనియల్ సాక్స్ చూపించారు. అంతకంటే గట్టి దెబ్బ 1986లో హార్వర్డ్‌కే చెందిన డేవిడ్ ఎల్వుడ్ నుంచి తగిలింది. షికాగో పడమటి వైపున్న నల్లజాతి పేటలకు ఉద్యోగాలు దగ్గర, దక్షిణం వైపున్న పేటలకు దూరం. అయినా రెండుచోట్లా యువకుల నిరుద్యోగం దాదాపు ఒకేలా ఉంది. ఒకే ప్రాంతంలో ఉండే తెల్లజాతి యువకులకు పని దొరుకుతోంది, నల్లజాతి యువకులకు దొరకడం లేదు. అడ్డుపడుతున్నది చోటు కాదు, జాతే అని ఎల్వుడ్ తేల్చారు.

అక్కడితో ఈ వాదం ముగిసిపోయిందని కొందరు అనుకున్నారు. కానీ మరుసటి ఏడే, 1987లో, షికాగో సామాజిక శాస్త్రవేత్త విలియం జూలియస్ విల్సన్ తన ‘ది ట్రూలీ డిసడ్వాంటేజ్డ్’ పుస్తకంలో ఫ్యాక్టరీలు వెళ్లిపోయిన పేటల్లో బతుకు ఎలా కూలిపోయిందో వివరించారు. 1990లో కీత్ ఇహ్లాన్‌ఫెల్ట్, డేవిడ్ స్జోక్విస్ట్ ఫిలడెల్ఫియా యువకుల మీద చేసిన అధ్యయనంలో, ఉపాధిలో జాతుల మధ్య ఉన్న తేడాకు సుమారు మూడో వంతు దూరమే కారణమని తేలింది. 1992లో మొత్తం పరిశోధనలను సమీక్షించిన కేన్ తన వాదం నిలబడిందనే అన్నారు. నిష్పక్షపాతంగా చూస్తే కేన్, ఎల్వుడ్ ఇద్దరిదీ సగం సగం నిజం. దూరం తగ్గించినంత మాత్రాన వివక్ష చూపే యజమాని మారడు. వివక్ష పోయినా రెండు గంటల ప్రయాణం తగ్గదు.

రవాణాను ఆయన ఎన్నడూ వదల్లేదు. డాలస్ రైలు ప్రాజెక్టుకు మద్దతు కూడగట్టడానికి ప్రయాణికుల అంచనాలను తప్పుదోవ పట్టించేలా చూపించారని 1990లో రాసిన వ్యాసంలో ఘాటుగా విమర్శించారు. అంత డబ్బు రైళ్ల మీద పోసే బదులు మంచి బస్సులు నడపండి అన్నది ఆయన జీవితాంతం చెప్పిన మాట.

1997లో హార్వర్డ్ వదిలి అదే డాలస్ ప్రాంతంలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ టెక్సస్ స్కూల్స్ ప్రాజెక్ట్ పేరుతో ఆ రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లల వివరాలను ఏడాదికేడాది జతచేస్తూ పెద్ద సమాచార నిధి నిర్మించారు. వాడలో పుట్టిన పిల్లలకు వాడ బడే దిక్కు కాబట్టి, ఇళ్ల ప్రశ్న బడి ప్రశ్నగా మారడం సహజమే. ఎరిక్ హనుషెక్, స్టీవెన్ రివ్కిన్‌లతో కలిసి చేసిన పరిశోధనలో, తరగతిలో పదిమంది పిల్లల్ని తగ్గించడం కంటే మెరుగైన ఉపాధ్యాయుణ్ని ఇవ్వడం వల్ల ఎక్కువ మేలు జరుగుతుందని తేలింది. నల్లజాతి పిల్లలే కిక్కిరిసిన బడుల్లో ఆ పిల్లల చదువు దెబ్బతింటోందని మరో అధ్యయనం చూపింది. మొదటిది 2005లో, రెండోది 2009లో అచ్చయ్యాయి. కేన్ 2003లోనే కన్నుమూశారు.

ఆయన మొదలుపెట్టిన ప్రశ్నకు మరో రకమైన పరీక్ష 1994లో మొదలైంది. బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజెలిస్, న్యూయార్క్ నగరాల్లో ప్రభుత్వ గృహసముదాయాల్లో ఉంటున్న సుమారు 4,600 పేద కుటుంబాలకు లాటరీ తీశారు. కొందరికి పేదరికం తక్కువున్న పేటల్లోకి మారడానికి అద్దె సాయం అందింది. మారిన పెద్దవారి సంపాదనలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. దాంతో కేన్ వాదం తేలిపోయిందని కొందరు అనుకున్నారు. కానీ ఢిల్లీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆర్థికవేత్త రాజ్ చెట్టి, నేథనియల్ హెండ్రెన్, లారెన్స్ కాట్జ్‌లు ఆ కుటుంబాల పిల్లలు పెద్దయ్యాక వారి పన్ను రికార్డులు పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. పదమూడేళ్లు నిండకముందే మంచి పేటకు మారిన పిల్లలు ఇరవైల మధ్యకు వచ్చేసరికి, మారే అవకాశం రాని పిల్లల కంటే 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. వయసు మీరాక మారిన పిల్లలకు ఆ మేలు కలగలేదు. అమెరికాలో ఇప్పుడు ప్రభుత్వ అద్దె సాయానికి అర్హత ఉన్న ప్రతి నాలుగు కుటుంబాల్లో దాదాపు ఒక్కదానికే అది అందుతోంది.