రోడ్‌స్టరు రూపం మారిన కథ

పాత అమెరికన్ సినిమాల్లో ఇద్దరు మాత్రమే కూర్చునే, కప్పు లేని చిన్న కారును మీరు చూసే ఉంటారు. దాని పేరు రోడ్‌స్టరు. నిజానికి ఇది మొదట కారు పేరు కాదు, గుర్రం పేరు! రోడ్డు ప్రయాణానికి పనికివచ్చే గుర్రాన్ని ఇంగ్లీషులో అలా పిలిచేవారు.

పేరే కాదు, రూపం కూడా గుర్రపు బండి నుంచి వచ్చిందే. 1901లో తయారైన ఓల్డ్స్‌మొబిల్ 'కర్వ్‌డ్ డాష్' కారు అచ్చం గుర్రం లేని బగ్గీలా ఉండేది. తలుపులు లేవు, ముందు అద్దం లేదు. స్టీరింగు చక్రానికి బదులు చుక్కానిలాంటి కడ్డీ ఉండేది. ఇంజను సీటు కింద ఉండేది. ముందువైపు మాత్రం ఒక పలక పైకి వంగి ఉండేది. గుర్రపు డెక్కల నుంచి ఎగిరే బురద మనుషులపై పడకుండా బగ్గీలకు అమర్చే పలక అది. గుర్రం పోయింది, పలక మిగిలింది!

క్రమంగా ఇంజను ముందుకు వచ్చింది, వేగం పెరిగింది. 1911 నాటి మెర్సర్ రేస్‌అబౌట్ గంటకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో పోయేది. అంత వేగంలోనూ డ్రైవరు ముఖానికి అడ్డం ఒక చిన్న గుండ్రటి అద్దం మాత్రమే! దుమ్ము, గాలి, వాన అన్నీ అతని మీదే.

మరి కప్పు ఎందుకు వేయలేదు? కారణాలు ఉన్నాయి. 1908లో వచ్చిన ఫోర్డ్ 'మోడల్ టి' ఇంజను శక్తి 20 హార్స్‌పవర్ మాత్రమే. కప్పు వేస్తే బరువు పెరుగుతుంది. పైగా మూసిన బాడీకి చెక్క చట్రం చేతితో చేయాలి. రంగు, వార్నిష్ పూతలు ఆరడానికి వారాలు పట్టేది. మామూలు గాజు పగిలితే ముక్కలు కత్తుల్లా గుచ్చుకునేవి. అందుకే మడిచే క్యాన్వాసు కప్పు, పక్కలకు తగిలించే తెరలతో సరిపెట్టుకున్నారు. వాన మొదలయ్యాక బండి ఆపి అవి బిగించేసరికి తడిసి ముద్దయ్యేవారు!

తర్వాత ఈ చిక్కులు ఒక్కొక్కటే విడిపోయాయి. 1914లో డాడ్జ్ కంపెనీ పూర్తి ఉక్కు బాడీలతో కార్లు తెచ్చింది. 1920లలో త్వరగా ఆరే రంగులు వచ్చాయి. 1927 చివర వచ్చిన ఫోర్డ్ 'మోడల్ ఎ' ముందు అద్దానికి, పగిలినా ముక్కలు చెదరని గాజు వాడారు. 1919లో అమెరికాలో ప్రతి పది కార్లలో సుమారు తొమ్మిది కప్పు లేనివే. 1929 నాటికి లెక్క తలకిందులైంది. సుమారు తొమ్మిది మూసిన కార్లే! 1935 మోడళ్ళకు జనరల్ మోటార్స్ ఒకే ఉక్కు రేకుతో కప్పు చేసింది.

గాలికి ఇష్టపడేవారికి కన్వర్టిబుల్ వచ్చింది. దాని కప్పు మడవవచ్చు, తలుపుల్లోని అద్దాలను పైకి కిందికి తిప్పవచ్చు. ఆ సౌకర్యం లేని రోడ్‌స్టరు 1930ల చివరికి దాదాపు కనుమరుగైంది. 1953లో షెవ్రొలే 'కార్వెట్' ఫైబర్‌గ్లాసు బాడీతో, పక్క తెరలతో మళ్ళీ ఆ రూపాన్ని తెచ్చింది. ఆ ఏడు చేసినవి 300 మాత్రమే. 1956లో దానికి కూడా తలుపు అద్దాలు వచ్చాయి.

చూశారా! బండి రూపాన్ని నిర్ణయించేది అందం ఒక్కటే కాదు. ఇంజను శక్తి, ఉక్కు, గాజు, రంగు కూడా. ఈసారి కారెక్కితే డ్రైవరు ముందున్న డాష్‌బోర్డును చూడండి. ఆ పేరు బురద ఆపిన బగ్గీ పలకదే!