మరిగిస్తే మందు పోదు

పండగల ముందు మిఠాయిల కల్తీ వార్తలు రాగానే ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "కోవా కోసం పాలు గంటల తరబడి మరిగిస్తారు కదండీ, గేదెకి వేసిన మందులు ఏమన్నా ఉన్నా ఆ సెగకి పోవూ?" బాగా చదువుకున్నవాళ్లే అడుగుతారు. పోవు. మరిగిస్తే చచ్చేవి సూక్ష్మజీవులు. మందుకి ప్రాణం లేదు, చావడానికి.

చారు పొయ్యి మీద పెట్టి మర్చిపోతే నీళ్లు ఇగిరిపోతాయి, ఉప్పు మిగిలి ఉప్పుకషాయమవుతుంది. కోవా సంగతీ అదే. సుమారు ఐదు లీటర్ల పాలు ఇగిరితే కిలో కోవా. అన్ని పాలలోని మందూ ఆ కిలోలోకి చేరుతుంది. పెన్సిలిన్, టెట్రాసైక్లిన్ లాంటివి సెగకి కొంత విరుగుతాయి గానీ పూర్తిగా పోవు. క్లోరాంఫెనికాల్ చాలావరకు చెక్కుచెదరదు. అదే చారు మీద తేలే పోపు నూనెని మాత్రం తీసి నాలిక మీద వేసుకోండి, ఉప్పు తగలదు. నెయ్యి అలాంటిది. నీళ్లలో కరిగే మందులు అందులోకి దాదాపు రావు. ఆత్రేయపురం పూతరేకుల్లోకి పాల నుంచి వచ్చేది నెయ్యే కాబట్టి వాటికి ఈ బెడద తక్కువ. చారులోని పప్పుని వడకట్టి పిండితే ఉప్పు చాలావరకు నీళ్లతో పోయినట్టే, రసగుల్లా కోసం పాలు విరగ్గొట్టి తేట పారబోసినప్పుడు మందూ చాలావరకు పోతుంది. ఈ పోలికకి లొంగనిది ఐవర్‌మెక్టిన్. నులిపురుగులకి, పిడుదులకి వాడే ఈ మందు కొవ్వులోనే కరుగుతుంది, వెన్నతో పాటు నెయ్యిలోకి వస్తుంది.

జనం ఎక్కువగా భయపడేది మాత్రం వీటికి కాదు, గేదె చేపడానికి పొడిచే ఆక్సిటోసిన్‌కి. ఆ భయానికి ఆధారం లేదు. అది చిన్న ప్రొటీన్ ముక్క, తిన్న పప్పులోని ప్రొటీన్ లాగే మన పేగుల్లో అరిగిపోతుంది. ఆ సూది పోటు గేదెకి హింస, దాన్ని ఆపాల్సింది అందుకు.

పాలలో యాంటీబయాటిక్ ఉందో లేదో చూడటానికి డెల్వోటెస్ట్ లాంటి తేలికైన పరీక్షలున్నాయి. ఊదారంగు జెల్‌లో వేడికి తట్టుకునే ఒక బాక్టీరియా నిద్రాణంగా ఉంటుంది. చుక్క పాలు వేసి 64 డిగ్రీల దగ్గర సుమారు మూడు గంటలు ఉంచితే అది పెరిగి ఆమ్లం చేస్తుంది, జెల్ పసుపుపచ్చగా మారుతుంది. మందుంటే అది పెరగదు, ఊదా ఊదాగానే ఉంటుంది. ఏ మందో మాత్రం చెప్పదు.

మిఠాయిలో వెతకడం ఇంకా కష్టం. క్లోరాంఫెనికాల్ కోసమైతే పేడాని మెత్తగా నలిపి, రెండు గ్రాములు తూచి, నీళ్లలో కలిపి ఎసిటోనైట్రైల్ పోస్తారు. పాల ప్రొటీన్ తెల్లగా విరిగి అడుగున చేరుతుంది. పైతేటని హెక్సేన్‌తో కడిగి కొవ్వు తీసేస్తారు. అయినా మిగిలిపోయిన పంచదార, పాల పదార్థాలు అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో మందు అణువులకి విద్యుదావేశం సరిగా అందనివ్వవు. ఉన్న మందు తక్కువగా కనపడుతుంది. అందుకని నమూనా తూచగానే, ఐదు హైడ్రోజన్ల బదులు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పెట్టి తయారుచేసిన క్లోరాంఫెనికాల్‌ని తెలిసిన మోతాదులో కలిపేస్తారు. దారిలో అసలుది ఎంత పోతే ఇదీ అంతే పోతుంది, రెంటి నిష్పత్తి చెడదు. యంత్రం ముందు 321 బరువున్న అయాన్లనే లోపలికి రానిస్తుంది, వాయువుతో ఢీకొట్టించి విరగ్గొడుతుంది. 152, 257 బరువుల ముక్కలు రెండూ రావాలి, సరైన నిష్పత్తిలో రావాలి, సరైన నిమిషంలో రావాలి. అప్పుడే అది క్లోరాంఫెనికాల్.

ఐరోపా సంఘం 2022 నవంబర్ నుంచి దీనికి పెట్టుకున్న గీత కిలోకి 0.15 మైక్రోగ్రాము. అంటే వెయ్యి టన్నుల్లో 0.15 గ్రాము. అంత పట్టుదల ఎందుకంటే ఈ మందు అరుదుగా కొందరి ఎముక మజ్జని దెబ్బతీస్తుంది, మోతాదు ఎంతన్నదాంతో నిమిత్తం లేకుండా. భీమవరం, నెల్లూరు రొయ్యల వాళ్లకి ఈ పేరు బాగా తెలుసు. యాంటీబయాటిక్ అవశేషాల మూలంగానే 2016లో ఐరోపా మన చెరువు రొయ్యల సరుకుల తనిఖీని 10 నుంచి 50 శాతానికి పెంచింది.

ఇలాంటి నిషేధించిన మందు దొరికితే వాదనే లేదు. చిక్కంతా అనుమతి ఉన్నవాటితోనే. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ప్రకారం లీటరు పాలలో టెట్రాసైక్లిన్లు 100 మైక్రోగ్రాములు, బెంజైల్ పెన్సిలిన్ 4 దాటకూడదు. పేడాకంటూ వేరే గీత లేదు. కిలో కోవాలో 400 మైక్రోగ్రాముల టెట్రాసైక్లిన్ కనపడితే "నాలుగు రెట్లు విషం" అని రాసేస్తారు. ఐదు లీటర్లకి పంచితే లీటరుకి 80, గీత లోపలే. అలాగని నిశ్చింతగా ఉండటానికీ లేదు. సెగకి కొంత పోయి ఉంటే అసలు పాలలో 100 దాటే ఉండొచ్చు. ఎన్ని లీటర్ల పాలు ఇగిరిన కోవానో, పంచదార ఎంత కలిపారో తెలియకుండా ఈ లెక్క తేలదు.

అందుకే పరీక్ష పాల దగ్గరే జరగాలంటాను. 2018లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 77 నమూనాల్లో యాంటీబయాటిక్స్ పరిమితి దాటాయి. శాతం చిన్నదే. కానీ పొదుగువాపుకి మందు ఎక్కించిన ఒక్క గేదె పాలు కలిస్తే ఆ క్యానులో మిగతా పాలన్నీ చెడతాయి. మందు వేశాక ఎన్నాళ్లు ఆగాలని పెట్టె మీద రాసి ఉందో అన్నాళ్లూ ఆ పాలు పాల కేంద్రంలో పోయకూడదని రైతుకి తెలుసు. ఆ పూటల డబ్బు పోతుందనీ తెలుసు. నిజం చెప్పిన రైతు పాలు వెనక్కి పంపి ఊరుకుంటే వచ్చేసారి ఎవరూ నోరు విప్పరు. ఆ కాసిని పాలకీ డెయిరీయే డబ్బు కట్టి పారబోయించాలి. ట్యాంకరు మొత్తం పారబోయడం కంటే అది ఎంతో చవక.