కట్లపాము నుండి న్యాయస్థానమునకు: డాక్టరు లాల్జీ సింగ్ పరిశోధనలు

తెనుగు పల్లెలలో కట్లపామును ఎరుగనివారుండరు. జఫర్‌గఢ్ వంటి గ్రామములందు రాత్రివేళ చేనికి నీరు పెట్టబోవు రైతు దీపము లేనిదే గట్టు ఎక్కకుండుటకు ఈ పాము భయము కూడ నొక కారణము. దీనికి దగ్గరి బంధువు మరియొకటి కలదు. నలుపు, పసుపు పట్టెలు ఒకదాని వెంట నొకటి సమముగా అమరిన శరీరము దానిది. మనవారు దానిని బంగారుపాము అనిరి. పదునెనిమిదవ శతాబ్ది చివర ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు, కోరమాండల్ తీరపు పాములను గూర్చి 1796లో ప్రకటించిన గ్రంథమున ఈ తెనుగు పేరునే వ్రాసెను. తరువాతి ప్రాణిశాస్త్రజ్ఞులు కట్లపాముల కుదురు కంతటికిని దానినుండియే 'బంగారస్' అని శాస్త్రనామము పెట్టిరి. నేటికిని ప్రపంచమందలి ప్రాణిశాస్త్ర గ్రంథములలో మన తెనుగుమాట అట్లే నిలిచియున్నది.

ఆ బంగారుపాము కణములనుండి వేరుచేసిన ఒక సూక్ష్మపదార్థము మన దేశపు న్యాయస్థానములలో సాక్ష్యమునకు సాధనమైనది. తండ్రి తనది కాదన్న బిడ్డకు ఆ తండ్రిని చూపినది. గుర్తింపరాని శవమునకు పేరు చెప్పినది. ఈ పని హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రమున, అనగా సి.సి.ఎం.బి.లో జరిగినది. చేసినవారు డాక్టరు లాల్జీ సింగ్.

ఆయన 1947 జూలై 5వ తేదీన ఉత్తరప్రదేశములోని జౌన్‌పూర్ జిల్లా కల్వారీ గ్రామమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ప్రాణిశాస్త్రము చదివి, ఆచార్య రాయ్‌చౌధురి వద్ద పాముల క్రోమోసోములను పరిశీలించి 1971లో డాక్టరేటు పొందిరి.

పాములనే ఏల ఎంచుకొనవలెనని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. పుట్టబోవు ప్రాణి ఆడుదగునా, మగదగునా అనుదానిని నిర్ణయించు క్రోమోసోములు మానవులలో రెండు విధములు. స్త్రీలో రెండును ఎక్స్ క్రోమోసోములే. పురుషునిలో ఒకటి ఎక్స్, రెండవది వై. పెక్కు పాములలో, పక్షులలో ఇది తలక్రిందులు. అక్కడ ఆడుదానియందే జడ్, డబ్ల్యు అను రెండు భిన్నమైన క్రోమోసోములుండును. అయితే కొండచిలువ వంటి ప్రాచీన జాతులలో లింగమును నిర్ణయించు క్రోమోసోముల జంటకు రూపభేదము కానరాదు. కట్లపాము వంటి విషసర్పములలో ఆ భేదము స్పష్టముగా కనిపించును. ఒకప్పుడు ఒక్కతీరుగా నుండిన జంట కాలక్రమమున రెండు భిన్నరూపములు దాల్చిన చరిత్ర అంతయు పాముల కుటుంబమున మెట్టుమెట్టుగా కనబడుచున్నది. ఇట్టి సదుపాయము మానవ క్రోమోసోములలో లేదు. యువకుడైన శాస్త్రజ్ఞుని ఆకర్షించినది ఈ చరిత్రయే. న్యాయస్థానములు, నేరములు అప్పటి కాయన తలపునకు వచ్చియుండవు.

1974లో ఆయన స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమునకు వెళ్ళి, కెన్ జోన్స్ అను శాస్త్రజ్ఞునితో కలసి పనిచేసిరి. ప్రాణి దేహమున దాదాపు ప్రతి కణమందును డీ.ఎన్.ఏ. అను పొడవైన పోగు కలదు. దానిపై వంశలక్షణములు నాలుగే అక్షరములతో వ్రాయబడియుండును: ఏ, టి, జి, సి. మానవునిలో ఈ అక్షరములు సుమారు 300 కోట్లు. అందు కొన్ని భాగములు చిన్నపిల్లవాడు ఎక్కము వల్లించినట్లు ఒకే మాటను మరల మరల పలుకుచుండును. ఆడు బంగారుపాము డబ్ల్యు క్రోమోసోమునందు ఇట్టి భాగమొకటి విశేషముగా గుమిగూడియున్నట్లు వీరు కనుగొని 1980లో ప్రకటించిరి. దానికి బి.కె.ఎం. అని పేరు. జి, ఏ, టి, ఏ అను నాలుగక్షరముల పునరుక్తియే అందు ముఖ్యము.

ఆశ్చర్యమేమనగా ఇదే పునరుక్తి పాములందే గాక ఎలుకలలో, మానవులలో గూడ కనబడినది. ఆడు క్రోమోసోములు గలిగియు మగవిగా పుట్టిన వింత ఎలుకలు కొన్ని కలవు. వై క్రోమోసోములోని ఒక ముక్క తెగి ఎక్స్‌తో అతుకుకొనుటయే అందులకు హేతువని 1982లో సింగ్, జోన్స్ ఈ పాము పదార్థముతోనే చూపిరి. ఇది లింగనిర్ణయ రహస్యమునకు తాళపుచెవి యని కొంతకాలము పలువురు ఆశపడిరి. ఆ ఆశ ఫలింపలేదు. క్షీరదములలో మగతనమును నిర్ణయించు జన్యువును 1990లో లండనులోని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. దానిపేరు ఎస్.ఆర్.వై.; పాము పునరుక్తికిని దానికిని పొత్తు లేదు. ఈ సంగతి దాచి ఆయనను పొగడుట ఆయన పనికి గౌరవము కాదు. వెదకిన పెన్నిధి దొరకలేదు. త్రవ్వుటకు చేసికొన్న గునపము మాత్రము మరియొకచోట అక్కరకు వచ్చినది.

ఎట్లన, ఈ పునరుక్తి ఎన్నిమారులు వచ్చుననునది మనిషి మనిషికి మారును. ఒకరియందు ఒకచోట పదిమారులు, మరియొకరియందు పదునేడుమారులు ఉండవచ్చును. 1984లో ఇంగ్లండులోని లెస్టరు విశ్వవిద్యాలయమున అలెక్ జెఫ్రీస్ వేరొక పునరుక్తితో ఈ భేదమును పట్టుకొని, మనిషిని గుర్తించు పద్ధతిని కనిపెట్టెను. వ్రేలిముద్రవలె వేరొకరితో కలియనిది గనుక దానికి డీ.ఎన్.ఏ. ముద్ర యని పేరు వచ్చినది. ఆ సాధనపు హక్కులు ఒక పెద్ద కంపెనీ పరమైనవి. పుష్పమిత్ర భార్గవ గారు స్థాపించి నడుపుచున్న హైదరాబాదు కేంద్రమునకు లాల్జీ సింగ్ 1987లో వచ్చునప్పటికి, ఆయన చేతిలో తన సొంత సాధనము సిద్ధముగా నుండెను. 1988 నాటికి దానితో భారతదేశపు డీ.ఎన్.ఏ. ముద్ర పద్ధతి రూపొందినది.

ఆనాటి పద్ధతి ఇది. రక్తపుచుక్కనుండి డీ.ఎన్.ఏ.ను వేరుచేసి, ఒక ఎంజైముతో నిర్ణీతస్థానములలో ముక్కలు చేయుదురు. జిగురువంటి పలుచని పలకపై వానినుంచి విద్యుత్తును ప్రవహింపజేయగా చిన్నముక్కలు దూరముగా, పెద్దవి దగ్గరగా ప్రాకును. వానిని ఒక పొరపైకి అద్ది, రేడియోధార్మికత గల బి.కె.ఎం. పోగును దానిపై విడుతురు. మీ ఇంటి రేడియో ముల్లును త్రిప్పగా తాను కలసిన కేంద్రమునే వినిపించునట్లు, ఈ పోగు లక్షల ముక్కలలో తనకు జోడైన వానినే పట్టుకొనును. ఎక్స్‌రే ఫిలిముపై అవి నల్లని చారలుగా తేలును. బిడ్డలోని ప్రతి చారయు తల్లినుండియో, తండ్రినుండియో రావలసినదే. తల్లి చారలను తీసివేయగా మిగిలినవి తండ్రివి. ఏకాండ కవలలకు దప్ప ఇద్దరికి ఈ చారలన్నియు కలియవు.

కేరళలోని తలశ్శేరి న్యాయస్థానమున ఒక స్త్రీ తన బిడ్డకు ఫలానావాడు తండ్రి యనెను; అతడు కాదనెను. అంతవరకు ఇట్టి తగవులలో రక్తపు గ్రూపు పరీక్షయే దిక్కు. ఫలానావాడు తండ్రి కాజాలడని అది కొన్నియెడల చెప్పగలదు గాని, ఇతడే తండ్రి యని చెప్పజాలదు. తల్లి, బిడ్డ, ఆ పురుషుడు ముగ్గురి రక్తమును హైదరాబాదున పరీక్షింపగా, అతడే తండ్రి యని తేలినది. న్యాయస్థానము ఆ అభిప్రాయమును స్వీకరించినది. కేరళ హైకోర్టు దానిని సమర్థించినది. మన దేశమున డీ.ఎన్.ఏ. సాక్ష్యముతో పరిష్కరింపబడిన మొదటి పితృత్వ వివాదమిదియే. తరువాత 1991 నాటి రాజీవ్ గాంధీ హత్యకేసు, 1995లో ఢిల్లీలో ఒక యువతిని చంపి తందూరు పొయ్యిలో కాల్చిన కేసు మొదలగువానిలో ఈ పద్ధతి అక్కరకు వచ్చినది. రెండవదానిలో కాలిన దేహము ఎవరిదో తల్లిదండ్రుల రక్తముతో పోల్చి నిరూపింపవలసివచ్చినది.

ఇచట ఒక మాట చెప్పవలసియున్నది. పరీక్ష ఎంత కచ్చితమైనదైనను, దానిని ఎప్పుడు జరుపవలెననునది శాస్త్రజ్ఞుడు తీర్చు ప్రశ్న కాదు. వివాహబంధము నిలిచియుండగా పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డయే యని 1872 నాటి సాక్ష్యచట్టము భావించినది. భర్త అనుమానపడినంత మాత్రమున రక్తపరీక్షకు ఆజ్ఞ యీయరాదని సుప్రీంకోర్టు 1993లో చెప్పినది. పరీక్ష జరిగి నిజము తేలిన పిమ్మట ఆ నిజమునే పాటింపవలెనని 2014లో చెప్పినది. ఈ రెండు తీర్పుల నడుమ నిలిచినది ఎవరనగా, ప్రశ్న అడుగని, రక్తము మాత్రము ఇచ్చిన పసిబిడ్డ.

కేసులు పెరుగగా ఈ పనికొరకే 1996లో హైదరాబాదున సి.డి.ఎఫ్.డి. అను ప్రత్యేక సంస్థ వెలసినది. దాని స్థాపనకు తోడ్పడిన పిదప లాల్జీ సింగ్ 1998 నుండి 2009 వరకు సి.సి.ఎం.బి. డైరెక్టరుగా నుండిరి. చిన్న మాంసఖండమును బట్టి అది ఏ జంతువుదో తెలుపు పద్ధతిని ఆయన శిష్యబృందము 2003లో ప్రకటించినది. కృష్ణజింకను వేటాడి మేకమాంసమని బొంకువారికి అది చిక్కు తెచ్చిపెట్టినది. అంతరించు వన్యప్రాణుల రక్షణకై హైదరాబాదు అత్తాపూరు వద్ద నెలకొన్న ప్రయోగశాలయు ఆయన తలపెట్టినదే.

తెనుగువారికి అన్నింటికన్న దగ్గరిదైన పని 2009లో వెలువడినది. ఆయనయు, సహచరుడు తంగరాజ్ గారును, అమెరికాలోని హార్వర్డు శాస్త్రజ్ఞులును కలసి దేశమందలి 25 జనసమూహములకు చెందిన 132 మంది డీ.ఎన్.ఏ.ను పరిశీలించిరి. మాల, మాదిగ, వెలమ, వైశ్య, కంసాలి, చెంచు సమూహములు అందులోనివే. మన జనులలో అధికసంఖ్యాకులు రెండు ప్రాచీన జనప్రవాహముల కలయికవలన ఏర్పడినవారని వారి నిర్ణయము. ఎక్కువ తక్కువల పాళ్ళు వేరైనను, ఆ కలయిక కొండవాసులలోను, పట్టణవాసులలోను కాననైనది. రక్తశుద్ధిని గూర్చి గొప్పలు చెప్పువారికి ఇది రుచింపకపోవచ్చును.

అదే పరిశోధన మరియొకటి తెలిపినది. కొన్ని సమూహములు కొద్దిమంది పూర్వులనుండి పెరిగి, అనేక తరములుగా తమలో తామే పెండ్లిండ్లు చేసికొనుచు వచ్చినవి. పూర్వులలో నొకరియందున్న జన్యులోపము అట్టిచోట చెదరిపోక నిలుచును. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి బిడ్డకు చేరిన రోగమగును. వైశ్యసమూహమున శస్త్రచికిత్స వైద్యులు ఎరిగిన ఉదాహరణము కలదు. మత్తు ఇచ్చునప్పుడు కండరములను సడలించుటకు సక్సినైల్‌కోలిన్ అను మందు వాడుదురు. రక్తములోని ఒక ఎంజైము దానిని కొన్ని నిమిషములలో విరిచివేయును. ఆ ఎంజైము లోపించినవారియందు మందు గంటలకొలది పనిచేసి, ఊపిరి పీల్చు కండరములను గూడ కట్టివేయును. అంతవరకు యంత్రముతో శ్వాస నడుపవలసియుండును. ఈ లోపము వైశ్యులలో ఇతరులకన్న సుమారు నూరురెట్లు అధికమని 2017లో ఇదే బృందము ప్రకటించిన విస్తృతపరిశోధన పేర్కొన్నది. దేశపు 263 సమూహములలో 81 ఇట్టి స్థితిలోనే, కొన్ని రోగములకు పేరుపడిన ఫిన్లండువారికన్న సంకుచితమైన మూలమునుండి వచ్చినవని అందు తేలినది.

ఆ వ్యాసముపై లాల్జీ సింగ్ పేరును ఉన్నది. అదే సంవత్సరము డిసెంబరు 10వ తేదీన కాశిలో ఆయన గుండెపోటుతో మరణించిరి. అంతకుముందు 2011 నుండి 2014 వరకు, తాను చదివిన విశ్వవిద్యాలయమునకే ఉపాధ్యక్షులై, నెలకొక్క రూపాయి జీతముతో పనిచేసిరి.

పైన చెప్పిన ఎంజైము లోపము సామాన్యజీవితమున ఏ బాధయు కలిగింపదు, ఉన్నదనియే తెలియదు. కుటుంబమున ఎవరికైన శస్త్రచికిత్స పిమ్మట మెలకువయో, శ్వాసయో ఆలస్యముగా వచ్చినచో, ఆ సంగతిని రక్తసంబంధీకులు తమ వంతు వచ్చినప్పుడు మత్తుమందు వైద్యునికి ముందుగానే చెప్పవలెను. ఒక రక్తపరీక్షతో లోపము బయటపడును. ఆ మందునకు బదులు వేరొకటి వాడుదురు.